తడిసిన జంపఖానా

పొద్దున ఐదున్నరకు మంచం దిగితే పాదం నేరుగా నీళ్లలో పడింది. హాల్లో చెప్పులు తేలుతున్నాయి.

నిద్రమత్తులో నాకు ముందు 2023 జూలై గుర్తొచ్చింది, మా హనుమకొండలో నయీంనగర్ మునిగిన రోజులు. కానీ బయట చినుకు కూడా లేదు. బాత్రూం గోడలో గీజర్ పైపు పగిలింది.

గేట్‌వాల్వ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పదేళ్లుగా ఈ ఇంట్లోనే ఉంటున్నాం మరి! ట్యాంకు ఖాళీ అయ్యాకే ఆగింది.

ప్లంబర్ టైల్స్ పగలగొట్టి, పైపు మలుపులో వేసే ఒక ఎల్బో నా చేతిలో పెట్టాడు. "వేడినీళ్ల లైనుకు వేడి తట్టుకునే సీపీవీసీ పైపు వెయ్యాలె అక్కా. ఎవరో మామూలు పీవీసీ ఏసిండ్రు. వేడికి మెత్తబడి ఇట్లయితది." గుప్పెట్లో పట్టే ముక్క, ఇల్లంతా ముంచింది.

నా బాధంతా అమ్మ వరంగల్ కొత్తవాడలో కొన్న జంపఖానా గురించే. నీళ్లు తాగి ఎంత బరువెక్కిందంటే, నేనూ మా ఆయనా కలిసి మేడ మెట్లు ఎక్కించలేకపోయాం. పక్కింటి పిల్లలు వచ్చి తలా ఒక మూల పట్టుకున్నారు. పిట్టగోడ మీద ఆరేశాం. రంగు మాత్రం కొంచెం కూడా దిగలేదు.

గోడ పూర్తిగా ఆరేదాకా పుట్టీ పెట్టొద్దన్నాడు ప్లంబర్. ఆ గుంతలో మావాడు అప్పుడే సబ్బుపెట్టె పెట్టేశాడు.