ఒత్తు లేని సన్నాయి

నెల రోజులుగా రాత్రిళ్ళు ఒకటే వింటున్నాను, జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు స్టీవ్ లేసీ ఆల్బమ్ 'ఓన్లీ మంక్'. జాజ్ పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ కట్టిన బాణీలను లేసీ ఒక్కడే సొప్రానో శాక్సఫోన్ మీద వాయించి 1985లో రికార్డు చేశాడు. పియానో, బాస్, డ్రమ్స్ ఏవీ లేవు.

మొన్న విజయనగరంలో మా మేడ మీద ఇదే పెట్టుకుని పడుకుంటే మావయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. పెళ్ళి బ్యాండులో ముప్ఫై ఏళ్ళుగా క్లారినెట్ వాయిస్తున్న మనిషి. కాసేపు విని, "సన్నాయేటిరా ఇది? ఒత్తు లేదు, డోలు లేదు, ఒక్కడే ఎలా లాగుతున్నాడు?" అన్నాడు. ఒత్తు అంటే సన్నాయి వెనక ఒకే శ్రుతి పట్టి ఊదే తోడు వాద్యం. ఫొటో చూపించాను. సొప్రానో కూడా సన్నాయిలా నిటారుగానే ఉంటుంది కదా, మావయ్య ఫోను దగ్గరగా పట్టుకుని మరీ చూశాడు.

ఆయన అడిగింది అసలైన ప్రశ్న. మంక్ పియానో మీద పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కుతాడు, ఆ ఒరిపిడిలోనే ఆయన రుచంతా ఉంది. శాక్సఫోన్‌లో మామూలుగా ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, మరి ఆ ఒరిపిడి ఎక్కడినుంచి వస్తుంది? లేసీ దాన్ని గబగబా స్వరాలు పోసి కప్పెయ్యడు, ఖాళీని ఖాళీగానే వదిలేస్తాడు. ఇందులో 'ఎవిడెన్స్' అనే బాణీ వినండి: ఒక స్వరం, ఆగడం, ఇంకోటి, అదీ తాళం దెబ్బ మీద కాకుండా పక్కన పడుతుంది. డ్రమ్స్ లేవు కాబట్టి ఆ తాళం మనమే లోపల వేసుకోవాలి. నాకైతే మంక్ బాణీ ఎముకలు ఇక్కడ కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించలేదు.

ఇది ఒక్కరోజులో వచ్చిన ధైర్యం కాదు. లేసీ 1958లోనే అన్నీ మంక్ బాణీలతో 'రిఫ్లెక్షన్స్' అనే ఆల్బమ్ చేశాడు, 1960లో కొన్ని నెలలు మంక్ బృందంలోనే వాయించాడు, 1972 నుంచి ఒంటరి కచేరీలు. ఈ రికార్డు నాటికి మంక్ పోయి మూడేళ్ళు.

తర్వాత 'మిస్టీరియోసో' వచ్చింది. పన్నెండు బార్ల (తాళావర్తనాల) బ్లూస్ బాణీ, స్వరాలు కిందా మీదా ఒకే నడకలో మెట్లెక్కుతున్నట్టు పోతాయి. పియానో మీదయినా ఆ బాణీ స్వరాలు ఒకదాని తర్వాత ఒకటే, అందుకే శాక్సఫోన్‌కి అతికినట్టు సరిపోయింది. మావయ్య మాట్లాడటం మానేశాడు. కుడిచేతి వేళ్ళు లుంగీ మీద క్లారినెట్ మీటల్లా కదులుతున్నాయి, బాణీ ఆగిన చోటల్లా వేళ్ళూ ఆగుతున్నాయి.

అయిపోయాక, "మళ్ళీ పెట్టు" అన్నాడు.