లాప్‌టాప్‌కి కూడా చిట్టా రాశాను

మాది తెనాలి. ఇంట్లోనే ఏడెనిమిది షాపులకు లెక్కలు రాస్తాను. నెల నెలా 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్ను వేయాలి కాబట్టి 15 దాటిందంటే లాప్‌టాప్ ముందు నుంచి లేవను. అది 2018లో కొన్నది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. పొద్దున్నే ఆన్ చేసి, పాలు కాచి, పిల్లకు బాక్సు కట్టి వచ్చినా, లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాము తెరుచుకునేది కాదు. ఒకరోజు గడియారం చూశాను, తొమ్మిది నిమిషాలు పట్టింది. రిపేరు షాపు అబ్బాయి "కొత్తది తీసుకోండి మేడమ్" అన్నాడు. కానీ ఈ ఏడాది నాకు కుదరదు.

విండోస్‌లో మనకు కనపడకుండా వెనకాల నడుస్తుండే చిన్న ప్రోగ్రాములను సర్వీసులంటారు. ఒక వీడియోలో పాతిక సర్వీసుల పేర్లు చెప్పి, లాప్‌టాప్ వేగం పెరగాలంటే ఇవన్నీ ఆపేయొచ్చన్నారు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి 'సర్వీసెస్.ఎంఎస్‌సీ' అని కొట్టి, వాళ్లు చెప్పినవన్నీ వరసగా డిజేబుల్ చేశాను. రీస్టార్ట్ అయ్యాక చూస్తే వైఫై లేదు. ఆ రోజు 18. ఇంకా మూడు షాపుల రిటర్నులు మిగిలున్నాయి. టెన్షన్‌తో నాకు చేతులాడలేదు.

హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, కంగారు పడకు. డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ అని ఉంటుంది, దాన్ని ఆపేశావేమో చూడు" అన్నాడు. అదే! ఆటోమేటిక్‌కి మార్చి స్టార్ట్ నొక్కగానే వైఫై వచ్చేసింది. ఊపిరి పీల్చుకునేలోపే వాడు ఇంకో మాట అడిగాడు. "మిగతావి ఏమేం మార్చావు? అంతకుముందు ఎలా ఉండేవి?"

నా దగ్గర జవాబు లేదు. షాపుల లెక్కల్లో చిట్టాకెక్కకుండా రూపాయి కదలనివ్వను. అలాంటిది పాతిక మార్పులు చేసి ఒక్కటీ రాసుకోలేదు. ఆ రాత్రి వాడు తన కంప్యూటర్‌లో చూసి చదువుతుంటే అన్నింటినీ మళ్లీ మొదటి స్థితికి తెచ్చాను. పదకొండున్నర అయింది.

రిటర్నులన్నీ వేశాక, 21న ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. తేదీ, సర్వీసు పేరు, ముందు ఎలా ఉంది, ఎలా మార్చాను, రీస్టార్ట్ తర్వాత ఏమైంది అని అయిదు గళ్లు గీశాను. రోజుకు ఒక్కటే. ముందు మాన్యువల్‌లో పెట్టి చూడటం, ఆ తర్వాతే డిజేబుల్. మాన్యువల్‌లో ఉన్నదాన్ని అవసరం పడితే విండోస్ లేపుతుంది. డిజేబుల్ చేసినది పిలిచినా పలకదు. ప్రతి సర్వీసు పక్కనా అది చేసే పని రాసి ఉంటుంది, ముందుగా అది చదవాలి. డిపెండెన్సీస్ అన్న చోట దాని మీద ఆధారపడినవి కూడా కనిపిస్తాయి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం చూపించింది. అన్నిటికన్నా పైన ఉన్నది సిస్‌మెయిన్. పాత పేరు సూపర్‌ఫెచ్. మనం తరచూ వాడే ప్రోగ్రాములను ముందే మెమరీలోకి తెచ్చి ఉంచుతుంది. ఉద్దేశం మంచిదే, కానీ నా పాత డిస్క్ ఆ పనికే సరిపోతోంది. దాన్ని ఆపాక పది నిమిషాల్లో డిస్క్ 30 శాతం కిందికి దిగింది. ట్యాలీ మొదటిసారి తెరవడానికి కాస్త ఆలస్యమవుతున్నా, తర్వాత పని ఆగడం లేదు.

విండోస్ సెర్చ్‌ని మాత్రం ఆపలేదు. పార్టీ పేరు కొట్టి ఫైలు వెతకడం నాకు రోజూ ఉండే పని. అది ఏ ఫోల్డర్లకు ముందుగా సూచిక కట్టుకోవాలో ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. స్కాన్ చేసిన బిల్లుల ఫోల్డర్‌ని అందులోంచి తీసేశాను, అంతే. ప్రింటింగ్ పనులు చూసే ప్రింట్ స్పూలర్ సర్వీసులో 2021లో పెద్ద భద్రతా లోపం బయటపడి, తర్వాత దానికి అప్‌డేట్లు వచ్చాయి. ప్రింటర్ లేనివాళ్లు దాన్ని ఆపేసుకోవచ్చు. నేను రోజూ బిల్లులు ప్రింట్ తీయాలి, కాబట్టి ఉంచుకున్నాను. యాంటీవైరస్, అప్‌డేట్ల జోలికి అసలు వెళ్లలేదు, ఎవరినీ వెళ్లమని చెప్పను.

అన్నిటికన్నా ఎక్కువ మేలు ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల పెట్టెతో జరిగింది. అందులో మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచే టిక్ ఒకటుంది. అది పెడితే బయటి ప్రోగ్రాములవే మిగులుతాయి. నాకు పదకొండు మిగిలాయి. రెండేళ్ల కిందట అమ్మేసిన ప్రింటర్ అప్‌డేటర్ అందులో ఉంది! ఒక్క పెళ్లి వీడియో కోసం వేసిన ఎడిటర్ కూడా ఉంది. అలాంటివాటిని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేశాను.

ఇప్పుడు ట్యాలీ తెరుచుకోవడానికి నాలుగున్నర నిమిషాలు పడుతోంది. ఏమీ తెరవకుండా 3.1 జీబీ ఉండే ర్యామ్ వాడకం 2.5కి వచ్చింది. హార్డ్ డిస్క్ బదులు అంతకన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయిస్తే ఇంతకన్నా చాలా తేడా ఉంటుందని తెలుసు, దానికి డబ్బు పక్కన పెడుతున్నాను.

మొన్న ఆదివారం మా పాప "అమ్మా, నా హెడ్‌సెట్ కనెక్ట్ అవ్వట్లేదు" అంటూ వచ్చింది. నోట్‌బుక్ తీశాను. ఆరో వరుసలో బ్లూటూత్ సపోర్ట్ సర్వీస్, ముందు మాన్యువల్, తర్వాత డిజేబుల్. మళ్లీ మాన్యువల్‌కి మార్చి, ఆ వరుస కొట్టేసి, పక్కన తేదీ వేశాను.