ఎవరో తలుచుకుంటున్నారనుకున్నాం

మా తమ్ముడికి అన్నం తినేటప్పుడు తరచూ పొలమారేది. అమ్మ నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అనేది, మేం పెద్దనాన్న పేరో అత్త పేరో చెప్పి నవ్వేవాళ్లం, అలా నెల గడిచిపోయింది. వాడు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి మందులు వాడుతున్నాడు. ఆ మందులకీ గొంతుకీ సంబంధం ఉంటుందని తోచనే లేదు.

నిజానికి తోచాల్సిందే, ఎందుకంటే మొదట్లోనే ఒకసారి హడలిపోయాం. ఆ జబ్బుకే హాలోపెరిడాల్ అనే మందు ఇంజెక్షన్ చేసిన రెండో రోజు రాత్రి వాడి మెడ ఒక పక్కకి లాక్కుపోయింది, నాలుక బయటికొచ్చి లోపలికి పోవడం లేదు, గాలి పీలిస్తే గొంతులో కుయ్‌మని శబ్దం. పక్కింటావిడ గాలి సోకిందంది. వీధి చివరి ఆర్‌ఎంపీ ఆయాసం అనుకుని నెబ్యులైజర్ పెట్టాడు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరమ్మ మాత్రం వస్తూనే "కొత్తగా ఏ మందు మొదలుపెట్టారు?" అని అడిగింది, చీటీ చూసి ప్రోమెథజైన్ ఇంజెక్షన్ చేయించింది, అరగంటలో మెడ వదులైంది. మందు వల్ల ఇలా కండరాలు బిగుసుకుపోవడాన్ని డిస్టోనియా అంటారట, మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువగా వస్తుందట, అందులోనూ కుర్రాళ్లకి. స్వరపేటిక కండరాలు బిగుసుకుపోతే ఊపిరికే ముప్పు.

పొలమారడం అలా ఒక్కసారిగా రాలేదు. మందు రిస్పెరిడోన్‌కి మార్చి, డోసు పెంచాక, ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చునేవాడు. కంచంలో కాస్త పప్పన్నం తినడానికి ముప్పావు గంట. చొక్కా మీద చొంగ, నడకలో అడుగులు చిన్నవైపోయాయి. మేం బద్ధకం అనుకున్నాం, నేనైతే తిట్టాను కూడా. ఈ మందులు మెదడులో కబుర్లు చేరవేసే రసాయనమైన డోపమైన్‌ పనిని అడ్డుకుంటాయి, భ్రమలు తగ్గేది అందుకే, కానీ ఒళ్లు కదలాలన్నా ఆ డోపమైనే కావాలి కదా, అందుకే వణుకుడు జబ్బైన పార్కిన్సన్స్‌లాంటి బిగుతు వస్తుంది, అది నాలుకనీ గొంతునీ కూడా వదలదు. చివరికి జ్వరం, దగ్గు వస్తే ఎక్స్‌రే తీశారు. తిన్నదీ ఉమ్మీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అన్నారు.

మందే మాన్పించేద్దాం అన్నారు నాన్న. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుందని డాక్టరు ఒప్పుకోలేదు, డోసు తగ్గించారు. ఇప్పుడు టీవీ కట్టేసి, నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెడతాం. విచిత్రం ఏంటంటే వాడిని అన్నం కన్నా మంచినీళ్లే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి, పల్చగా ఉండి గబుక్కున జారిపోతాయి కదా. రాగిజావ హాయిగా దిగేది. తిన్న వెంటనే పడుకోనివ్వం.

నిన్న పెరుగన్నం తింటూ దగ్గాడు. నెత్తి మీదికి వెళ్లబోయిన అమ్మ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది, నేను గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను.

"ఊరమిరపకాయే, కంగారు పడకండి" అన్నాడు వాడు.