వాచీకి కీ ఇచ్చే ఉద్యోగం

జెనీవాలో నా ఉద్యోగం ఉత్తరాలు రాయడం. బయటి దేశాల కొనుగోలుదారులకు ఇంగ్లీషులో జవాబులివ్వడానికి నన్ను పెట్టుకున్నారు. రోజూ ఆర్వ్ నది మీది ఉక్కు వంతెన దాటి పనికి వెళతాను. చుట్టూ గొట్టాలు పెనవేసుకుని ఉంటాయి. నడుస్తుంటే పెద్ద వెదురుబుట్ట లోంచి పోతున్నట్టే. 2012లో తెరిచిన ఆ వంతెన పేరు హాన్స్ విల్స్‌డార్ఫ్. ఆయన 1945లో నెలకొల్పిన ట్రస్టే దాన్ని కట్టించింది. మొదటి ఏడాదంతా ఆయనెవరో కనుక్కోవాలని కూడా నాకు తోచలేదు.

రోలెక్స్ వాచీల కంపెనీకి ప్రాణం పోసిన మనిషి ఆయన. 1881లో జర్మనీలోని కుల్మ్‌బాఖ్‌లో పుట్టారు. పన్నెండేళ్లకే తల్లీ తండ్రీ పోయారు. 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌కు వచ్చి, లా షో ద ఫోన్‌లో గడియారాలు ఎగుమతి చేసే సంస్థలో గుమాస్తాగా చేరారు. ఇంగ్లీషు ఉత్తరాలు రాయాలి. రోజూ వందలాది జేబు గడియారాలకు కీ ఇచ్చి, ఏది సరిగ్గా నడుస్తోందో చూడాలి.

కీ ఇవ్వడమంటే ఏమిటో నాకు తెలుసు. నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ ఇప్పుడు నా చేతికే ఉంది. పొద్దున్నే రెండు వేళ్ల మధ్య ఆ చిన్న మరను తిప్పుతుంటే మొదట వదులుగా, పోను పోను బిగువుగా తగులుతుంది. ఇక చాలని వేళ్లకే తెలిసిపోతుంది. ఒక్క వాచీకే ఇంత శ్రద్ధ కావాలి, వందలకు కీ ఇచ్చిన ఆ వేళ్లు ఎంత నేర్చుకుని ఉంటాయో!

చేతి గడియారం ఆడవాళ్ల నగ, సమయానికి నమ్మలేమని లోకం అనుకునే రోజుల్లో ఆయన దాన్నే పట్టుకున్నారు. 1905లో లండన్‌లో వ్యాపారం మొదలుపెట్టారు. 1914లో ఆయన పంపిన చేతి గడియారానికి గడియారాల కచ్చితత్వాన్ని పరీక్షించే అక్కడి క్యూ అబ్జర్వేటరీ ‘ఏ’ తరగతి ధ్రువపత్రం ఇచ్చింది. సముద్రంలో దారి లెక్కగట్టడానికి ఓడల్లో వాడే అతి కచ్చితమైన గడియారాలకు, అంటే క్రోనోమీటర్లకు, తగిన పరీక్ష అది. మరుసటి ఏడే బ్రిటన్ దిగుమతి గడియారాల మీద 33 శాతం సుంకం వేసింది. 1919లో ఆయన జెనీవాకు మకాం మార్చారు.

నన్ను కదిలించింది మాత్రం ఇంకొకటి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ శిబిరాల్లో బందీలైన బ్రిటిష్ సైనికులు ఆయనకు ఉత్తరం రాసి వాచీలు తెప్పించుకునేవారు. డబ్బు యుద్ధం ముగిశాక ఇవ్వవచ్చు. 1943లో అలా అడిగిన ఒక సైనికుడికి, ఇప్పుడు డబ్బు మాటే తలపెట్టవద్దని జవాబు రాసి ఆయనే సంతకం చేశారు. యజమాని అయ్యాక కూడా ఇంగ్లీషు ఉత్తరం మానలేదు.

అది చదివిన మర్నాడు, బాకీ పడ్డ ఒక కొనుగోలుదారుకు పంపాల్సిన హెచ్చరికను మూడుసార్లు తిరగరాశాను.