ముందు దారి, తర్వాతే టవర్

దసరా సెలవులకు అక్కావాళ్లు కడప నుంచి బెంగళూరు వచ్చారు. రైలు ఎక్కకముందే పిల్లలు వండర్లా అమ్యూజ్‌మెంట్ పార్కుకే అని ఖాయం చేసుకున్నారు. అమ్మానాన్నా కూడా వస్తామన్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. పొద్దున 11కి లోపలికి వెళ్లి సాయంత్రం దాకా పార్కులోనే ఉండటం ఆయనవల్ల అయ్యే పని కాదు. అందుకే పార్కు పక్కనే ఉన్న వండర్లా రిసార్ట్‌లో గదులు తీసుకున్నాం.

వైట్‌ఫీల్డ్‌లో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే చల్లఘట్ట దాకా మారకుండా వెళ్లిపోవచ్చు. 2023 అక్టోబరులో ఈ లైన్ పూర్తయ్యాక ఊరు దాటడానికి ట్రాఫిక్ టెన్షన్ లేదు. అక్కడి నుంచి క్యాబ్‌లో మైసూరు రోడ్డు మీద బిడది వైపు వెళ్లాం.

పార్కులో ఎటు చూసినా తెలుగు వినపడుతూనే ఉంది. హిందూపురం, అనంతపురం నుంచి బస్సులేసుకుని వచ్చినవాళ్లు బోలెడుమంది. వేవ్ పూల్‌లో అలలు వచ్చే ముందు సైరన్ మోగుతుంది. అది మోగగానే మా మేనల్లుడు ఒడ్డున నిలబడ్డ నాన్న చెయ్యి పట్టి లాగాడు. "తాతా, వచ్చేస్తాండాయి, దిగు!" నాన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని రెండడుగులు వేశారు. మొదటి అల పిక్కల దాకా తగిలింది. ఆయన అలా పగలబడి నవ్వగా చూసి చాలా కాలమైంది.

భోజనాలయ్యేసరికి చిన్నది అక్క భుజం మీదే తూగుతోంది. "మేం దీన్ని తీసుకుని గదికి పోతాం, మీరు నిదానంగా రండి" అంది అమ్మ. నాన్న కూడా లేచారు. ముగ్గురూ వెళ్లి హాయిగా పడుకున్నారు, మిగతావాళ్లం సాయంత్రం దాకా ఆడుకున్నాం. గది దగ్గర్లో లేకపోతే అందరం మధ్యాహ్నమే తిరుగుముఖం పట్టేవాళ్లం, లేదా పెద్దవాళ్లు ఏ బెంచీ మీదో గంటలకొద్దీ కూర్చునేవాళ్లు. పార్కు పక్కన హోటల్ ఎందుకు ఉండాలో నాకు ఆ పూట బాగా అర్థమైంది.

రిసార్ట్ 2012లో మొదలైంది, 84 గదులు. ఎత్తైన టవర్లేమీ లేవు. పండగ సెలవుల్లో గదులు దొరకడం కష్టం. మాకూ దొరకవేమో అనుకున్నాం. రాత్రి కుర్చీల మీద తడి నైలాన్ బట్టలు ఆరేసి కూర్చున్నప్పుడు ఇదే మాట వచ్చింది. "ఇక్కడ ఇంకో రెండు టవర్లు కట్టేయొచ్చు కదా" అంది అక్క.

బావ ఉద్యోగరీత్యా కొన్నాళ్లు కాలిఫోర్నియాలో ఉన్నారు. అనాహైమ్‌లోని డిస్నీల్యాండ్ హోటల్ సంగతి ఆయనే ఎత్తారు. 1955లో డిస్నీల్యాండ్ పార్కు కట్టేసరికి వాల్ట్ డిస్నీ దగ్గర డబ్బంతా అయిపోయింది. హోటల్ కట్టమని జాక్ రాథర్ అనే ఆయన్ను అడిగారు. ఆ ఏడాది అక్టోబరులో పొట్టి పొట్టి కట్టడాలతో అది తెరుచుకుంది. 1961లో పార్కులో ఒకే పట్టా మీద తిరిగే మోనోరైల్‌ను హోటల్ దాకా పొడిగించారు. 11 అంతస్తుల మొదటి టవర్ వచ్చింది ఆ మరుసటి ఏడాదే. 1970ల్లో మరో రెండు లేచాయి. డిస్నీ కంపెనీ ఆ హోటల్‌ను సొంతం చేసుకున్నది 1988లో. డిస్కవరీ టవర్ పేరుతో ఇంకొకటి 2023 సెప్టెంబరులో తెరిచారు.

ఇందులో నాకు నచ్చిందల్లా ఆ వరస. మనుషులు సులువుగా వచ్చిపోయే దారి ముందు, ఎత్తు తర్వాత. మన దగ్గర ఏ హోటల్ పెంచినా గదుల లెక్కే ముందు చెబుతారు. నాన్నలాంటివాళ్లు పార్కు గేటు నుంచి గది తలుపు దాకా ఎండలో ఎంత దూరం నడవాలి, మధ్యలో కూర్చోవడానికి చోటుందా అన్నది ఎవరికీ పట్టదు. పది అంతస్తులు వేస్తే లిఫ్టు దగ్గర తడి పిల్లలతో నిలబడాల్సి వస్తుంది. అదీ లెక్కలోకి రావాలి.

నీళ్ల సంగతి అంతకన్నా పెద్దది. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్ కోసం మా అపార్ట్‌మెంట్‌లో బకెట్లు పెట్టుకుని కాచుకున్న రోజులు మరిచిపోలేను. ప్రతి కొత్త గదికీ స్నానానికి, దుప్పట్లు ఉతకడానికి, వంటకు నీళ్లు కావాలి. ఈ పార్కులో వాన నీటిని పట్టి నిల్వ చేసే చెరువులున్నాయి. గదులు పెంచేవాళ్లు ఎవరైనా సరే, ఇలాంటి చెరువులను ముందు పెంచాలి. వాడిన నీటిని శుద్ధి చేసి చెట్లకు, టాయిలెట్లకు మళ్లించాలి. ఆ ఏర్పాటు చూపించాకే పునాది తవ్వాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

మర్నాడు బిడదిలో ఆగి తట్టె ఇడ్లీ తిన్నాం. పళ్లెమంత ఇడ్లీ, పైన వెన్న. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఒక మాట: గది కింది అంతస్తులో కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి. తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ సంచి, ఆరేసుకోవడానికి కాస్త తాడు వెంట ఉంచుకోండి. సోమవారమో మంగళవారమో కుదిరితే సెలవు రోజుల జోలికి పోకండి.