పళ్ళు రాని పాప చేతికి ముక్క ఇచ్చినందుకు: నా అనుభవం

డేకేర్ వాళ్ళు నిన్న సాయంత్రం ఒప్పుకున్నారు. ఇకనుంచి మా పాప డబ్బాలో గుజ్జు కాకుండా ముక్కలు పెట్టి పంపొచ్చట, దగ్గర కూర్చుని తినిపిస్తారట. వినడానికి చిన్న విషయమే. దీనికోసం నేను పడ్డ మాటలు, తిరిగిన తిరుగుడు ఇంకా మనసులో పచ్చిగానే ఉన్నాయి, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. పిల్లలకి ఫింగర్ ఫుడ్స్, అంటే సొంతంగా చేత్తో పట్టుకుని తినే ముక్కలు, ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్నవాళ్ళకి పనికొస్తుంది.

మా ఇంట్లో పాపకి తిండి పెట్టే పని నాది. మా ఆవిడ ముందు ఉద్యోగంలో చేరింది, నేను సెలవు పెట్టాను. కాబట్టి పాప మొదటి ముద్ద నుంచి అన్నీ నా చేతి మీదుగానే జరిగాయి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత అర్థమవుతుంది.

పాపకి 6 నెలలు నిండాక మొదలుపెట్టాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే, 6 నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత పాలతో పాటు మిగతా ఆహారం. అయితే క్యాలెండర్ ఒక్కటే చూస్తే సరిపోదు. పిల్ల కూర్చుని మెడ నిలబెట్టగలగాలి. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, అందుకుని, నోటిదాకా తీసుకెళ్ళగలగాలి. నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేయకుండా మింగాలి. ఈ మూడూ కలిసి కనిపించాలి. పిడికిలి చప్పరిస్తోందనో, రాత్రిళ్ళు లేస్తోందనో ముందే మొదలుపెట్టేవాళ్ళున్నారు, అవి సిద్ధమైన గుర్తులు కావు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే ఎప్పుడన్నది డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి.

గుజ్జు తినిపించడం ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయింది. దానితో పాటే ముక్కలు కూడా ఇవ్వడం మొదలుపెట్టాం. మొదటిది ఉడికించిన క్యారెట్. నా చూపుడువేలంత పొడుగు, అంతే లావు. ఈ వయసులో పిల్లలు వేళ్ళ కొసలతో పట్టుకోలేరు, అరచెయ్యి మొత్తంతో గుప్పిట పడతారు. ముక్క చిన్నదైతే గుప్పిట్లోనే ఉండిపోతుంది, నోటికి అందదు. పొడుగ్గా ఉంటే పిడికిలి పైనుంచి బయటికి వచ్చిన భాగాన్ని చీకుతారు. ఎంత మెత్తగా ఉండాలంటే, బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే నలిగిపోవాలి. మన వేళ్ళ మధ్య నలిగేది వాళ్ళ చిగుళ్ళ మధ్య కూడా నలుగుతుంది. అరటిపండు జారిపోతుంటే కింద కాస్త తొక్క ఉంచి ఇవ్వండి, పట్టు దొరుకుతుంది. చిన్న చిన్న ముక్కల్ని బొటనవేలితో, చూపుడువేలితో ఏరుకోవడం తొమ్మిదో నెల ప్రాంతంలో వస్తుంది, అప్పుడు సైజు తగ్గించవచ్చు.

మొదట్లోనే భయపెట్టేది డోకు. చిలగడదుంప ముక్క కొరికి మా పాప ఒక్కసారిగా నాలుక బయటికి చాపి, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, మొహం ఎర్రబడి, "ఖళ్" అని దగ్గింది. మా అమ్మ అరిచి పాప నోట్లో వేలు పెట్టబోయింది. "అమ్మా, ఆగు, చెయ్యి పెట్టకు" అని అడ్డం పడ్డాను. పాప ముక్కని నాలుకతో ముందుకి తోసి ఉమ్మేసి, మళ్ళీ అదే ముక్క తీసుకుంది. అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు.

డోకు వేరు, గొంతుకి అడ్డుపడటం వేరు. ఇది ప్రతి ఇంట్లో అందరికీ తెలియాలి. ఈ వయసులో డోకు తెప్పించే చోటు నాలుక మీద బాగా ముందుకి ఉంటుంది, పెరిగేకొద్దీ వెనక్కి జరుగుతుంది. అందుకే ముక్క గొంతుదాకా పోకుండానే డోకు వస్తుంది. అది పిల్లని కాపాడే ఏర్పాటు. డోకులో చప్పుడు ఉంటుంది, దగ్గు ఉంటుంది. నిజంగా అడ్డుపడితే చప్పుడు ఉండదు. ఏడవలేరు, దగ్గలేరు, ఊపిరి అందదు, పెదాలు నీలం తిరుగుతాయి. కాబట్టి పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. గొంతు పెగలకపోతే ఒక్క క్షణం కూడా ఆగకూడదు, పక్కనున్నవాళ్ళని ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యమనాలి. ఏడాది లోపు పిల్లలైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, దవడని పట్టుకుని, వీపు మీద రెండు భుజాల మధ్య 5 దెబ్బలు కొట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. అడ్డుపడింది బయటికి వచ్చేదాకా ఇవి రెండూ మార్చి మార్చి చెయ్యాలి. స్పృహ తప్పితే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఇవ్వడం, మొదలుపెట్టాలి. పెద్దవాళ్ళకి చేసినట్టు పొట్ట నొక్కకూడదు. కనిపించని ముక్క కోసం వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. నేను, మా ఆవిడ పాపకి ముక్కలు ఇవ్వకముందే బొమ్మ మీద చేయించే శిక్షణకి వెళ్ళాం, ఆ తర్వాత అమ్మని కూడా పంపాను. మిగతాది ఏది మానేసినా ఇది మానకండి.

నా సెలవు అయిపోయింది, పాపని డేకేర్‌లో చేర్చాం. అసలు కథ ఇక్కడ మొదలైంది.

సాయంత్రం పాపని తీసుకురావడానికి వెళ్తే, మేనేజర్ గారు నా డబ్బా పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. చుట్టూ పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులు. మూత తీసి క్యారెట్ ముక్క ఒకటి పైకెత్తి అందరికీ కనబడేలా చూపించారు. "సార్, ఇది నెలల పిల్లకి పెట్టేదేనా? ఒక్క పన్ను లేదు. జరగరానిది జరిగితే ఎవరిది బాధ్యత?" అన్నారు. ఆ ముక్క వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూడమన్నాను. నొక్కలేదు, డబ్బాలో పడేసి మూత పెట్టేశారు. ఆ తర్వాత అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "వాళ్ళ అమ్మకి తెలుసా మీరు ఇలా పెడుతున్నట్టు? రేపు ఆవిడని రమ్మనండి, ఆవిడతో మాట్లాడతాను."

6 నెలలు నిండిన దగ్గర్నుంచి పాప ఏం తింది, ఎంత తింది, ఏది ఉమ్మేసింది, దేనికి ఒంటి మీద దద్దురు వచ్చిందేమో అన్నీ రోజూ రాసుకున్నవాణ్ణి నేను. ఆ నోటు పుస్తకం నా సంచిలోనే ఉంది. పక్కన నిలబడ్డ ఒకాయన నన్ను చూసి జాలిగా నవ్వాడు. ఒకామె తన బాబుని దగ్గరికి లాక్కుంది. పిల్లని ఎత్తుకుని వచ్చేశాను. తండ్రి తిండి పెడితే తెలియక పెట్టినట్టు, తల్లి పెడితే తెలిసి పెట్టినట్టు ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. పిల్లని పెంచడం ఇద్దరి పని అని అందరూ అంటారు, తీరా ఫారం మీద సంతకం దగ్గరికి వచ్చేసరికి "అమ్మని రమ్మనండి" అంటారు.

వాళ్ళ రూలు ప్రకారం ఏడాది నిండేవరకు గుజ్జు మాత్రమే. కాదంటే డాక్టర్ లెటర్ తేవాలి. సరే అని టీకాలు వేయించే క్లినిక్‌కి వెళ్ళాను. ఆ రోజు ఉన్న డాక్టర్ గారు పాప వైపు చూడకుండానే "పళ్ళెన్ని?" అని అడిగారు. ఇంకా రాలేదన్నాను. "మరి ముక్కలకి తొందరేమిటి?" అన్నారు. 8 నెలలకల్లా ఎక్కువమంది పిల్లలు ఫింగర్ ఫుడ్స్ తినగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉందని చెప్పబోయాను. "ఫోన్లో చదివి వచ్చారా?" అని, ఫైల్లో "గుజ్జు మాత్రమే" అని రాసి, తర్వాతివాళ్ళని పిలిచారు. లెటర్ అడగడానికి వెళ్ళినవాణ్ణి, నా వాదనకి అడ్డొచ్చే కాగితం చేతిలో పెట్టుకుని బయటికి వచ్చాను. రిసెప్షన్‌లో వేరే డాక్టర్‌ని చూస్తామంటే, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు మార్చరన్నారు.

మా ఆవిడ "పోనీ, ఏడాది దాకా గుజ్జే పంపుదాం, గొడవెందుకు" అంది. నేను ఒప్పుకోలేదు, దానికి కారణం ఉంది. ముద్దలు, ముక్కలు 10 నెలలు దాటాక మొదలైన పిల్లల్లో తర్వాత తిండి దగ్గర పేచీలు ఎక్కువని పరిశోధకులు చూశారు. నమలడం చేస్తూ చేస్తూ వచ్చే విద్య. పగలంతా గుజ్జు, రాత్రి ఒక్క పూట ముక్క అంటే పిల్లకి ఎప్పటికి అలవాటవుతుంది?

చివరికి ఇంకో చోట పిల్లల డాక్టర్ ఒకావిడ దొరికారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "డబ్బా తెచ్చారా?" అని. పాపని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు కింద ఆనేలా చూసి, ముక్క ముందు పెట్టి ఊరుకున్నారు. పాప తీసుకుంది, చీకింది, చిగుళ్ళతో నలిపింది, మింగింది. డాక్టర్ గారు పాప నోట్లో చూసి నాతో అన్నారు: "నమిలే దవడ పళ్ళు ఏడాది దాటాకే వస్తాయండి. పళ్ళ కోసం ఆగేవాళ్ళు అప్పటిదాకా ఆగాలి మరి. ముందు వచ్చేవి కొరికే పళ్ళు, నలిపేది చిగుళ్ళే." నా నోటు పుస్తకం అడిగి తీసుకుని పేజీలు తిప్పారు. తల్లి ఎక్కడ అని అడగలేదు. లెటర్‌లో వేళ్ళ మధ్య నలిగేంత మెత్తగా ఉండాలని, నిటారుగా కూర్చోబెట్టాలని, తినేంతసేపూ పెద్దవాళ్ళు ఎదురుగా ఉండాలని రాసి సంతకం చేశారు.

ఆ లెటర్‌తో వెళ్ళిన రోజు డేకేర్‌లో ఇంకో సంగతి కంటపడింది. రెండేళ్ళ పిల్లల ప్లేట్లలో ద్రాక్షపండ్లు గుండ్రంగా అలాగే ఉన్నాయి. ఇద్దరు పిల్లలు వాటిని నోట్లో వేసుకుని పరుగెత్తుతున్నారు. మెత్తగా ఉడికిన క్యారెట్‌కి భయపడినవాళ్ళు ద్రాక్షకి భయపడలేదు! గుండ్రంగా, నున్నగా ఉండి గొంతుకి సరిగ్గా సరిపోయే ద్రాక్ష సీసాకి బిరడా బిగించినట్టు కూర్చుంటుంది. నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యాలి, ఈ జాగ్రత్త నాలుగైదేళ్ళు వచ్చేదాకా ఉండాలి. ఈ మాట మేనేజర్ గారికి అందరి ముందూ కాకుండా గదిలోకి వెళ్ళి చెప్పాను. న్యూజిలాండ్‌లో జరిగి 2016లో అచ్చయిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పాను. జాగ్రత్తలు నేర్పాక మొదటి నుంచి సొంతంగా తినే పిల్లలకీ, చెంచాతో తినిపించే పిల్లలకీ గొంతుకి అడ్డుపడటంలో తేడా కనిపించలేదు. అయితే రెండు వైపులా చాలామంది ఇళ్ళల్లో ప్రమాదకరమైన ముక్కలు పెడుతున్నారని అందులోనే తేలింది. మేనేజర్ గారు ఆ లెటర్ చదివి, పాప తినడం ఎదురుగా కూర్చుని చూసి, అప్పుడు ఒప్పుకున్నారు. ద్రాక్ష కోయించడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం అన్న మాటకి మాత్రం సారీ చెప్పలేదు.

ఇవ్వకూడనివాటిలో కోయని ద్రాక్ష కాక ముఖ్యమైనవి ఇవి. పచ్చి క్యారెట్, పచ్చి యాపిల్ ముక్కలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, బాదం, జీడిపప్పు లాంటి గింజలేవైనా గింజల రూపంలో వద్దు. వేరుశెనగ వెన్న ముద్దగా పెడితే గొంతులో అతుక్కుంటుంది, పల్చగా కలిపి పెట్టాలి. తేనె ఏడాది లోపు చుక్క కూడా వద్దు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఉప్పు, పంచదార కలపొద్దు. నడుస్తూ, పాకుతూ, కారులో, పడుకుని తినడం అసలు వద్దు. మనం ముక్క తీసి పిల్ల నోట్లో పెట్టకూడదు, వాళ్ళ చేత్తో వాళ్ళే పెట్టుకోవాలి.

గుడ్డు, వేరుశెనగ లాంటివాటికి భయపడి ఏడాది దాకా దాచేవాళ్ళకి ఒక మాట. 2015లో వచ్చిన లీప్ అనే పరిశోధనలో, అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకే ఏడాది లోపు వేరుశెనగ అలవాటు చేస్తే ఐదేళ్ళ వయసుకి ఆ అలర్జీ చాలా తక్కువమందిలో కనిపించింది. ఒక్కొక్కటిగా, కొంచెంగా, పగటిపూట, పిల్ల ఆరోగ్యంగా ఉన్న రోజు మొదలుపెట్టండి. ఎగ్జిమా (దురదతో వచ్చే చర్మవ్యాధి) ఎక్కువగా ఉన్నా, ఇంతకుముందు ఏదైనా అలర్జీ బయటపడినా ముందు డాక్టర్‌ని కలవండి. ఈ వయసులో ఐరన్ చాలా అవసరం, కాబట్టి పండ్లూ కూరగాయలతోనే సరిపెట్టకుండా బాగా ఉడికిన గుడ్డు, మెత్తటి మాంసం, ఉడికించి మెదిపిన పప్పుధాన్యాలు కూడా ముక్కల లెక్కలోకి తీసుకురండి.

మా పాప ఇప్పుడు ఆమ్లెట్ ముక్కలు రెండు చేతులతో పట్టుకుని తింటుంది. గుజ్జు చెంచా చూపిస్తే మొహం తిప్పేస్తుంది. నాకు గర్వంగా ఉంది, దాచుకోను. అమ్మ కూడా ఇప్పుడు తనే చిలగడదుంప ఉడికించి, వేళ్ళతో నొక్కి చూసి మరీ ఇస్తోంది.

ఫైల్లో "గుజ్జు మాత్రమే" అన్న రాత ఇంకా అలాగే ఉంది. తర్వాతి టీకాకి వెళ్ళినప్పుడు కొత్త లెటర్ జిరాక్స్ దానికి జతచేయమని రాతపూర్వకంగా అడగబోతున్నాను.