ఆఫీసు పనీ ఇంటి పనీ ఒకే యాప్‌లో

ఆఫీసుకో యాప్, ఇంటికో డైరీ పెట్టుకుంటే ఏదో ఒకటి మరుగున పడుతుంది. ఉన్నది ఒక్క రోజే కదా! చేయాల్సిన పనులు రాసుకునే యాప్ టూడూయిస్ట్‌లో ఇల్లు, ఆఫీసు అని రెండు ప్రాజెక్టులు చాలు. పొద్దున్నే తెరవాల్సింది ఆ రోజు పనులన్నీ చూపే 'టుడే' ఒక్కటే.

చాలామంది తడబడేది మళ్లీ మళ్లీ వచ్చే పనుల దగ్గర. కరెంటు బిల్లుకు తేదీ చోట 'ఎవ్రీ మంత్' అని ఇంగ్లిష్‌లో కొడితే సరిపోతుంది. ఆలస్యంగా కట్టినా వచ్చే నెల తేదీ మారదు. వాటర్ ఫిల్టర్‌కు మాత్రం 'ఎవ్రీ! 3 మంత్స్' అని కొట్టాలి. ఆ ఆశ్చర్యార్థకం ఉంటేనే ఫిల్టర్ మార్చి టిక్ పెట్టిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

గడువు లేని పనికి తేదీ వేయకండి. 'బీరువా సర్దాలి' గడువు దాటిందంటూ రోజూ ఎర్రగా కనిపిస్తుంటే, అసలైన ఎరుపునూ కళ్లు దాటేస్తాయి.

క్లయింటు వివరాలు సొంత యాప్‌లోకి ఎక్కించొద్దు. 'రిపోర్టు పంపాలి' అని రాస్తే చాలు.